ఫైనల్ ఫాంటసీ 14లో మంచి గిల్డ్ దొరికితే: కొన్నేళ్లు ఆడాక రాస్తున్న సమీక్ష

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ ఎలా ఉంటుందని అడిగితే చాలామంది కథ గురించి, సంగీతం గురించి చెబుతారు. రెండూ నిజంగానే గొప్పగా ఉంటాయి. నేను 2021 నుంచి ఆడుతున్నాను. ఇప్పటికీ నెలనెలా చందా కడుతున్నానంటే మాత్రం సగం కారణం నా ఫ్రీ కంపెనీ. ఈ ఆటలో గిల్డ్‌ని, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల బృందాన్ని, ఫ్రీ కంపెనీ అంటారు, ఆడేవాళ్లు ఎఫ్‌సీ అని పిలుస్తారు. మన దగ్గర నుంచి ఆడేవాళ్లకి అలాంటి ఎఫ్‌సీ ఎలా దొరుకుతుందో, దొరికాక ఏం మారుతుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆట సంగతి ఒక్క మాట. 2010లో వచ్చిన మొదటి వెర్షన్ సరిగ్గా ఆడక 2012లో మూతపడింది. ఆట దర్శకుడు నవోకి యోషిదా బృందం దాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టి 2013 ఆగస్టులో విడుదల చేసింది. అందుకేనేమో, కొత్తవాళ్లు ఒంటరిగా మిగిలిపోకుండా చాలా శ్రద్ధ పెట్టారు. కొత్త ఆటగాడి పేరు పక్కన చిన్న మొలక గుర్తు కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్లాలో ఆటే ఎంచి పంపే రూలెట్ అనే పద్ధతి వల్ల పాతవాళ్లు కూడా రోజూ పాత డంజన్లకి, అంటే జట్టుగా వెళ్లి శత్రువుల్ని, బాస్‌ల్ని ఓడించే చోట్లకి, వస్తారు. ఆ జట్టులో (పార్టీలో) ఎవరైనా ఆ డంజన్‌కి మొదటిసారి వచ్చి ఉంటే, పూర్తయ్యాక అందరికీ అదనపు బహుమతి వస్తుంది. కొత్తవాడు కనిపిస్తే విసుక్కోవడం పోయి సంతోషించడం ఇక్కడ మామూలు. కానీ ఆ పరిచయం ఇరవై నిమిషాలది. డంజన్ అయిపోగానే ఎవరి దారి వాళ్లది. రేపు కూడా అదే మనిషి కనిపించాలంటే ఎఫ్‌సీ కావాలి.

నేను చేరిన మొదటి ఎఫ్‌సీ చాలా పెద్దది. ఆటలోని ఊళ్లోకి అడుగుపెట్టగానే ఎవరో ఒక్క పలకరింపు కూడా లేకుండా ఆహ్వానం పంపారు, సరేనని ఒప్పుకున్నాను. ఆ ఎఫ్‌సీకి ఆటలో పెద్ద ఇల్లు ఉంది. అనుభవ పాయింట్లు పెంచే బఫ్, టెలిపోర్ట్ ఖర్చు తగ్గించే బఫ్ రోజంతా ఆన్‌లో ఉండేవి. చాట్‌లో "హలో" అంటే మాత్రం పలికేవాళ్లు లేరు. ఒక రాత్రి ఎఫ్‌సీ ఉమ్మడి పెట్టె (కంపెనీ చెస్ట్)లోని గిల్, అంటే ఆటలోని డబ్బు, మొత్తం ఎవరో ఊడ్చేసుకుని వెళ్లిపోయారు. ఎవరికి ఎంత అనుమతి ఇవ్వాలో ర్యాంకుల వారీగా పెట్టుకునే సదుపాయం ఆటలోనే ఉంది. చూడటానికి మాత్రమే, వేయడానికి మాత్రమే, తీసుకోవడానికి కూడా అని విడివిడిగా ఇవ్వొచ్చు. అక్కడ అందరికీ అన్నీ ఇచ్చేశారు. ఆ తర్వాత రోజుల తరబడి గొడవలు. నేను బయటికొచ్చేశాను.

రెండోది వెతికేటప్పుడు బఫ్‌లు, ఇల్లు అసలు చూడలేదు. టైమ్ చూశాను. ఈ ఆటకి ఇండియాలో సర్వర్లు లేవు. జపాన్, ఉత్తర అమెరికా, యూరప్, ఓషియానియాలలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. యూరప్‌లో అయితే లండన్ వాళ్లు వేసవిలో రాత్రి ఎనిమిదికి రెయిడ్ (జట్టుగా ఆడే కష్టమైన పోరాటం) పెట్టుకుంటే మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. నేను జపాన్ వైపు టోన్‌బెర్రీలో ఉన్నాను. ఇంగ్లిష్ మాట్లాడే ఆగ్నేయాసియా వాళ్లు చాలాకాలంగా చేరే సర్వర్ అది. అక్కడ ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. సింగపూర్‌లో రాత్రి తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర, అంటే నేను ఇంకా ఆఫీసు క్యాబ్‌లోనే ఉంటాను. ఆట అధికారిక వెబ్‌సైట్ లోడ్‌స్టోన్‌లో ప్రతి ఎఫ్‌సీ పేజీలో వాళ్లు వారం మధ్యలో ఆడతారా, శని ఆదివారాల్లోనా అని రాసి ఉంటుంది. నాకు పనికొచ్చేవాటికి మెసేజ్ పెట్టి రెండే అడిగాను: మన టైమ్ రాత్రి పదికి మామూలుగా ఎంతమంది ఉంటారు? కొన్ని నెలలు రాలేకపోతే తీసేస్తారా? చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం, "పదింటికి నలుగురైదుగురం ఉంటాం, ఎవరినీ తీసెయ్యం, ముందు వారం రోజులు మాతో ఆడి చూడండి, నచ్చితే చేరండి" అని రాశాడు. ఇప్పటికీ ఆ ఎఫ్‌సీలోనే ఉన్నాను. మాది చిన్న ఇల్లు.

వీళ్లతో ఆడటం ఎలా ఉంటుందో టైటన్ అనే బాస్‌తో ఫైట్ గురించి చెబితే తెలుస్తుంది. టైటన్ ల్యాండ్‌స్లైడ్ అనే దాడి వేస్తే, ఆ దారిలో ఉన్నవాళ్లు వేదిక మీద నుంచి కిందకి కొట్టుకుపోతారు. నేను హీలర్‌ని, అంటే మిగతావాళ్ల గాయాలు మాన్పేదాన్ని. నేను పడితే పార్టీ మొత్తం పోతుంది. దాడి ఎక్కడ పడుతుందో నేల మీద చూపించే గుర్తులోంచి బయటికి వచ్చేశానని నాకు తెరమీద స్పష్టంగా కనిపించేది, అయినా ప్రతిసారీ పడిపోయేదాన్ని. బయటివాళ్లతో ఆడినప్పుడు కొందరు ఏమీ అనకుండా పార్టీ వదిలి వెళ్లిపోయేవాళ్లు. ఎఫ్‌సీలో ఒకావిడ కాసేపు నా పక్కనే నిలబడి చూసి సంగతి చెప్పింది. ఈ ఆటలో దెబ్బ తగిలేది రాళ్లు వచ్చి మీద పడినప్పుడు కాదు. బాస్ క్యాస్ట్ బార్ (దాడికి ముందు తెరమీద నిండుతూ వచ్చే గీత) నిండిన క్షణంలో మనం ఎక్కడున్నామో సర్వర్ అప్పుడే లెక్క వేసేస్తుంది, మనకి కనిపించే యానిమేషన్ ఆ తర్వాతది. హైదరాబాద్ నుంచి జపాన్‌కి పింగ్, అంటే సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం, ఎలాగూ ఎక్కువే కాబట్టి, మనం కదిలిన సంగతి సర్వర్‌కి ఇంకా ఆలస్యంగా చేరుతుంది. "బాస్‌ని చూడకు, బార్‌ని చూడు, సగానికి రాకముందే కదులు" అంది. ఆ రాత్రి వాళ్లకి ఆ ఫైట్‌తో ఏ పనీ లేదు, వచ్చే బహుమతి కూడా లేదు. అయినా నాకు అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ వచ్చారు. ఆ ఒక్క పాఠం తర్వాత వచ్చిన ప్రతి ట్రయల్‌లోనూ (ఇలాంటి బాస్ ఫైట్‌లో) నాకు పనికొచ్చింది.

కథ విషయంలో కూడా అంతే. కొత్తవాళ్లు కథ చెప్పే కట్‌సీన్ చూస్తుంటే మావాళ్లు బాస్ గుమ్మం దగ్గర ఆగుతారు. ముందు ఏం జరుగుతుందో పొరపాటున కూడా నోరు జారరు. నేను షాడోబ్రింగర్స్ అనే కథాభాగం పూర్తి చేసిన రాత్రి అందరూ చాట్‌లోకి వచ్చి, "ఇప్పుడు మాట్లాడుకోవచ్చా?" అని అడిగి మరీ మొదలుపెట్టారు.

ఆడవాళ్లు చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. కొన్ని ఎఫ్‌సీల్లో చేరగానే వాయిస్ చాట్‌లోకి రమ్మంటారు, మైక్ ఆన్ చేయమంటారు, చేయకపోతే అనుమానంగా చూస్తారు. ఇక్కడ నేను చాలా నెలలు వింటూనే ఉన్నాను, రాయాల్సింది టైప్ చేశాను. ఎవరూ ఒక్కమాట అడగలేదు. ఒకసారి కొత్తగా చేరిన ఒకడు నాకు పనికిమాలిన మెసేజ్‌లు పెడితే స్క్రీన్‌షాట్లు ఆఫీసర్‌కి పంపాను. అదే రోజు వాణ్ని తీసేశారు. నన్ను నిరూపించుకోమని అడగలేదు, సర్దుకుపొమ్మని చెప్పలేదు. ఒక ఎఫ్‌సీని నమ్మొచ్చా లేదా అని తేల్చడానికి నాకు ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

2023లో నాన్నగారి ఆపరేషన్ వల్ల కొన్ని నెలలు ఆట తెరవలేదు. ఈ ఆటలో 45 రోజులు ఎఫ్‌సీ సభ్యులెవరూ లోపలికి అడుగుపెట్టకపోతే ఇల్లు కూల్చేస్తారు. మావాళ్లు ఎవరో ఒకరు వెళ్లివస్తూనే ఉంటారు కాబట్టి, తిరిగొచ్చేసరికి అందులో నా గది అలాగే ఉంది, నా ర్యాంక్ అలాగే ఉంది. ఎందుకు రాలేదని కాకుండా నాన్నగారు ఎలా ఉన్నారని అడిగారు.

అదే ఎఫ్‌సీలో సింగపూర్‌లో ఉండే ఒక రాజమండ్రి అక్క పరిచయమైంది. ఎఫ్‌సీ చాట్ అంతా ఇంగ్లిష్‌లో నడుస్తుంది, మేమిద్దరం మాత్రం పక్కన తెలుగులో రాసుకుంటాం. "అక్కా, ఒక్క డంజన్‌కి వస్తావా?" అంటే, "ఒక్కటే కదా, పిల్లాడు నిద్రపోయాడు, పద" అంటుంది. మూడు డంజన్లు అయ్యేదాకా ఇద్దరం లేవం.

లోటుపాట్లు లేకపోలేదు. ఆటకి కొత్త కథ, ఫైట్లు తెచ్చే ప్యాచ్‌కీ ప్యాచ్‌కీ మధ్య నాలుగు నెలలదాకా పడుతుంది. అప్పుడు మాలాంటి చిన్న ఎఫ్‌సీ బాగా పలచబడుతుంది. మధ్యలో వేరే ఆటలు ఆడుకుని మళ్లీ రండని యోషిదాయే బాహాటంగా చెబుతారు కాబట్టి దీన్ని తప్పుగా చూడను, కానీ ఆ వారాల్లో చాట్ బోసిగా ఉంటుంది. శావేజ్ అనే బాగా కష్టమైన రెయిడ్లు వారం వారం గట్టిగా ఆడాలనుకునేవాళ్లకి మా ఎఫ్‌సీ సరిపోదు. ఎనిమిది మంది ఒకే టైమ్‌కి కుదరడం మాలో కష్టం. అలాంటివాళ్లు రెయిడ్‌కి బయట స్టాటిక్ (ఎప్పుడూ కలిసి ఆడే స్థిరమైన జట్టు) చూసుకుని, మిగతావాటికి మాతో ఉంటారు. ఇంకొకటి, ఎవరు ఎంత డ్యామేజ్ చేశారో లెక్కపెట్టే బయటి టూల్స్ ఆట నిబంధనలకి విరుద్ధం. మా దగ్గర ఆ అంకెలు చూపించి ఒకరిని తక్కువ చేయడం కుదరదని చేరేటప్పుడే చెబుతారు. నాకిది బాగా నచ్చింది. అంకెలే ముఖ్యం అనుకునేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది.

ఫ్రీ ట్రయల్‌తో మొదలుపెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. 2023 చివర నుంచి 70 లెవెల్ దాకా, స్టార్మ్‌బ్లడ్ అనే కథాభాగం అయ్యేవరకు, డబ్బు కట్టకుండా ఆడొచ్చు. కానీ ట్రయల్ అకౌంట్‌తో ఎఫ్‌సీలో చేరలేరు, సొంతంగా పార్టీ కూడా పెట్టలేరు. ఆ కాలాన్ని డంజన్లలో మీతో ఓపిగ్గా ఉన్నవాళ్ల పేర్లు, వాటి పక్కన కనిపించే ఎఫ్‌సీ ట్యాగ్‌లు (ఎఫ్‌సీ పొట్టి పేర్లు) రాసిపెట్టుకోవడానికి వాడండి. అయితే ఎఫ్‌సీ ఒకే వరల్డ్‌కి (టోన్‌బెర్రీ లాంటి ఒక సర్వర్‌కి) కట్టుబడి ఉంటుంది, కాబట్టి క్యారెక్టర్ చేసేటప్పుడే వరల్డ్ చూసి ఎంచుకోండి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడి సర్వర్‌లో ఎనభై లెవెల్ దాటాడు, మా ఎఫ్‌సీలో చేరాలంటే ఇప్పుడు ఆ క్యారెక్టర్‌ని జపాన్‌కి మార్చుకోవాలి. రెండు వైపులా పింగ్ చూసుకుని ఇంకా ఏదీ తేల్చుకోలేదు.