డస్టర్ డీజిల్‌కు ఇంటి దగ్గరే టైమింగ్ బెల్టు: ఒక మంచి కిట్టు, ఒక నాసి పిన్నుల పెట్టె

నేను ఇక్కడ రెండు వస్తువుల మంచిచెడ్డలు రాస్తున్నాను. ఒకటి, వాటర్ పంపుతో కలిపి వచ్చే గేట్స్ కంపెనీ టైమింగ్ బెల్టు కిట్టు. రెండోది, ఆ బెల్టు మార్చేటప్పుడు ఇంజిన్‌ను కదలకుండా నిలిపే సెట్టింగు పిన్నుల పెట్టె. మొదటిదానికి 8,900 రూపాయలు, రెండోదానికి 650 రూపాయలు అయింది. ఖరీదైన వస్తువు నాకు ఒక్క నిమిషం కూడా ఇబ్బంది పెట్టలేదు. చవక వస్తువు మాత్రం ఒక వారం రోజులు కారును జాకీ స్టాండ్ల మీద నిలబెట్టింది.

మా బండి 2014 నాటి రెనో డస్టర్, 85 పీఎస్ డీజిల్. 1461 సీసీ గల ఈ ఇంజిన్‌నే నిస్సాన్ టెరానోకు, మహీంద్రా వెరిటోకు కూడా అమర్చారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక రెనో మన దేశంలో డీజిల్ కార్లను ఆపివేసినా, విడిభాగాలకు పెద్దగా కొరత లేకపోవడానికి ఒకే ఇంజిన్ ఇన్ని బండ్లకు అమర్చడమే కారణమని నా అభిప్రాయం. ఈ ఇంజిన్‌లో పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్టుకూ, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టుకూ నడుమ గొలుసు ఉండదు, పళ్ల బెల్టు ఉంటుంది. అదే బెల్టు డీజిల్ హైప్రెషర్ పంపునూ వాటర్ పంపునూ కూడా తిప్పుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పినా, బెల్టు తెగినా, పైకి వచ్చే పిస్టన్లు ఇంకా మూసుకోని వాల్వులను కొట్టి వంచుతాయి. అక్కడి నుంచి ఖర్చు హెడ్డు (ఇంజిన్ పైభాగం) విప్పేదాకా పోతుంది.

నేను ఈ బండిని సెకండ్ హ్యాండులో కొన్నాను. కొన్నప్పుడు పాత యజమాని ఒక వర్క్‌షాపు బిల్లు చూపించారు. అందులో 78,000 కిలోమీటర్ల దగ్గర ‘బెల్టు మార్పిడి’ అని స్పష్టంగా ఉంది. ఆ మాట నమ్మి నేను 96,000 దాటేవరకు నిశ్చింతగా అనంతపురం నుంచి బెంగళూరుకు, కడపకు తిరుగుతూనే ఉన్నాను. తర్వాత ఒకరోజు, ఊరకే చూద్దామని పై కవరు తొలగించి టార్చి వేస్తే లోపల కనిపించినది కొత్త బెల్టు కాదు. అంచులు పీచులేచి, వీపు మీద సన్నని పగుళ్లు వచ్చి, అచ్చువేసిన అక్షరాలు అరిగిపోయిన బెల్టు అది. ఆ వర్క్‌షాపు వారు మార్చింది ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్టు! బిల్లు అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. కవరు లోపల జరిగిన పనిని కొనేవాడు చూడలేడు గదా.

ఊళ్లో ఒకచోట అడిగితే పంపుతో సహా 23,500 రూపాయలు, అయిదు రోజులు అన్నారు. డబ్బుకన్నా కూడా, ఈసారి నా కళ్ల ముందే జరగాలన్న పట్టుదలతో ఇంటి దగ్గర చేయాలని నిర్ణయించుకున్నాను. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మా చిన్నాన్న తోడుంటానన్నారు. ఆ మాట రాకపోతే నాకు ధైర్యం చాలేది కాదు.

కిట్టును బెంగళూరు జేసీ రోడ్డులోని ఒక దుకాణంలో జీఎస్టీ బిల్లుతో తీసుకున్నాను. బెల్టుల్లో నకిలీలు ఎక్కువ కనుక, ముక్కూమొహం తెలియని చోట తక్కువ ధరకు దొరికిందని కొనడం నాకు నచ్చదు. పెట్టెలో బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు, దాని గ్యాస్కెట్టు ఉన్నాయి. బెల్టు మీద అచ్చు శుభ్రంగా ఉంది, తిరిగే దిశకు బాణం గుర్తులు, పుల్లీల గుర్తులకు సరిపోయే అడ్డగీతలు ఉన్నాయి. పాతది విప్పిన తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టాను, రెండింటికీ 123. వెడల్పు కూడా ఒక్కటే, 27 మిల్లీమీటర్లు. టెన్షనర్‌ను వేలితో తిప్పితే గరగర లేకుండా, గ్రీజు పట్టు తెలిసేటంత నిదానంగా తిరిగింది. పాతదాన్ని అలాగే తిప్పితే బొంగరంలా జర్రున తిరిగి ఖాళీ శబ్దం చేసింది. లోపలి గ్రీజు ఎండిపోయిందని చెప్పడానికి అంతకంటే వేరే పరీక్ష అక్కరలేదన్నారు చిన్నాన్న.

సంక్రాంతి పోయిన తర్వాతి ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాము. మా వసారాలో కడప బండలు పరిచి ఉన్నాయి. బండ చదునుగా ఉంటుంది గనుక కారు నిలపడానికి బాగుంటుందే గాని, జాకీ బరువు ఒక్కచోట పడితే నిలువునా పగులుతుంది. అందుకని జాకీ కిందా, స్టాండ్ల కిందా మందపాటి చెక్కపలకలు వేశాము. ఇక్కడి ఇళ్లలో ఈ పని చేయదలచినవారు ఈ ఒక్క జాగ్రత్త మరవకూడదు. బ్యాటరీ తీగ తీసి, కుడివైపు ముందు చక్రం విప్పి, దాని వెనుక ఉన్న ప్లాస్టిక్ తొడుగు తొలగించి, బయటి బెల్టు దించే వరకు గంటన్నర పట్టింది. అందులో చెప్పుకోదగినది ఏమీ లేదు.

క్రాంక్ పుల్లీ బోల్టు దగ్గర పని మొదటిసారి ఆగింది. చిన్నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని అయిదో గేరు వేసి బ్రేకు తొక్కి పట్టగా, నేను రెండడుగుల పైపు తొడిగిన హ్యాండిల్ మీద నా బరువంతా వేస్తే గాని అది సడలలేదు. ఈ పనికి సెట్టింగు పిన్నును ఆసరాగా వాడకూడదు. పిన్ను స్థానాన్ని నిలపడానికే తప్ప బలాన్ని ఆపడానికి కాదు. ఇది ముందు కొంత టార్కుతో (కొలిచిన తిప్పుడు బలంతో), ఆపైన ఇన్ని డిగ్రీలని లెక్కపెట్టి తిప్పి బిగించే రకం బోల్టు కాబట్టి బిగించినప్పుడు సాగుతుంది, పాతదాన్ని మళ్లీ వాడరాదు. కొత్తది విడిగా 280 రూపాయలకు ముందే తెచ్చిపెట్టుకున్నాను. ఈ ఇంజిన్లలో ఆ బోల్టు రెండు సైజుల్లో వచ్చింది కనుక నేను వాడిన టార్కు అంకెను ఇక్కడ రాయడం లేదు. ఎవరి బండి అంకెను వారు వర్క్‌షాపు పుస్తకంలో చూసుకోవడమే క్షేమం.

ఇప్పుడు పిన్నుల సంగతి. ఈ ఇంజిన్‌కు రెండు పిన్నులు కావాలి. ఒకటి మరతో ఉండి, ఇంజిన్ బ్లాకు పక్కనున్న మూత తీసిన రంధ్రంలోకి ఎక్కుతుంది. క్రాంక్ మెల్లగా తిప్పుతుంటే లోపలి భాగం ఈ పిన్నుకు వచ్చి ఆనుతుంది. రెండోది 8 మిల్లీమీటర్ల నున్నని కడ్డీ, క్యామ్ పుల్లీ రంధ్రం గుండా హెడ్డులోని రంధ్రంలోకి దిగుతుంది. రెండూ ఒకేసారి తమ చోట కుదిరితేనే ఇంజిన్ సరైన స్థానంలో ఉన్నట్టు. ఆన్‌లైన్‌లో తెప్పించిన నా పెట్టెలో కడ్డీ బాగానే ఉంది. మర పిన్ను మాత్రం రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోయింది. బయటికి తీసి గోరుతో రాస్తే మర అంచున లోహపు పొరలు చిన్నచిన్న ముళ్లలా తగులుతున్నాయి. మరను కోసి, శుభ్రం చేయకుండానే పూత పూసి పెట్టెలో పెట్టారన్నమాట. బలవంతంగా తిప్పితే పాడయ్యేది 650 రూపాయల పిన్ను కాదు, ఇంజిన్ బ్లాకులోని మర.

ఆదివారం లేతు షాపులు తెరవరు. సోమవారం సాయంత్రం తీసుకువెళితే అక్కడి మేస్త్రీ డై (మర కోసే పనిముట్టు) వేసి మర శుభ్రం చేసి 50 రూపాయలు తీసుకున్నాడు. అయితే నాకు ఆఫీసు, చిన్నాన్నకు ఊళ్లో పెళ్లి. అందువల్ల కారు మరుసటి ఆదివారం దాకా ఒక కాలు ఎత్తిన కొంగలాగా వసారాలో ఉండిపోయింది. అమ్మకందారుకు ఫొటోలతో ఫిర్యాదు పంపితే వస్తువు తిరిగి పంపమన్నారు, తీసుకువెళ్లే మనిషి మాత్రం రాలేదు. మరోసారి కొనవలసి వస్తే ఇలాంటి పెట్టెకు బదులు, కొలతలు ఇచ్చి లేతులోనే మంచి ఉక్కుతో చేయించుకుంటాను.

రెండో ఆదివారం పిన్ను వేలితోనే తిరుగుతూ పూర్తిగా ఎక్కింది. అప్పుడు గేరును న్యూట్రల్లోకి తెచ్చి, క్రాంక్‌ను స్పానరుతో నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకచోట మెత్తగా ఆగింది. ఆ ఆగడం చేతికి తెలియాలి. పిన్ను పొట్టిదైతే క్రాంక్ దాన్ని దాటిపోయినా మనకు తెలియదు. అందుకే క్యామ్ కడ్డీ కూడా అదే క్షణంలో అడ్డులేకుండా దిగిందో లేదో చూడాలి. మాకు దిగింది. నేను వెంటనే టెన్షనర్ మీదికి వెళ్లబోతే చిన్నాన్న ఆపి, “ముందర సుద్దముక్క తీసుకోప్పా, స్పానరు యాడికీ పోదు” అన్నారు. పుల్లీలకూ, వాటి పక్కనున్న లోహానికీ తెల్లగీతలు గీసి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాకే పాత బెల్టు విప్పనిచ్చారు. పిన్నులు ఉండగా సుద్దగీతలు ఎందుకని మనసులో అనుకున్నాను గాని, అంతకుముందు వారం పిన్ను చేసిన నిర్వాకం గుర్తొచ్చి పైకి అనలేదు.

ఈ ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే కుడివైపు మౌంటు తీస్తే గాని బెల్టు బయటికి రాదు. ఇంజిన్ కింద చెక్కదిమ్మె పెట్టి జాకీతో ఎత్తి పట్టుకుని మౌంటు విప్పాము. పాత పంపు తీసి చూస్తే దాని చుట్టూ కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారి ఎండిన తెల్లని చార కనిపించింది, ఇరుసు కూడా కొద్దిగా ఊగుతోంది. బెల్టు ఒక్కటే మార్చుకుని పంపు డబ్బులు మిగిల్చి ఉంటే, ఇంకో ఏడాదికో రెండేళ్లకో ఆ పంపు కోసం ఇదంతా మళ్లీ విప్పవలసి వచ్చేది. ఆ పంపు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. కాబట్టి పంపు లేని కిట్టు రెండు మూడు వేలు తక్కువకు వచ్చినా ఈ ఇంజిన్‌కు కొనవద్దని చెబుతాను. గేట్స్ పంపు పాతదాని స్థానంలో ఏ సర్దుబాటూ లేకుండా కూర్చుంది, బోల్టు రంధ్రాలన్నీ ఒకదానికొకటి సరిపోయాయి.

బెల్టు ఎక్కించడంలో చూసుకోవలసినది, క్యామ్ పుల్లీ గుర్తుకూ డీజిల్ పంపు పుల్లీ గుర్తుకూ మధ్య బెల్టు పళ్ల సందులు సరిగ్గా 19 ఉండాలి. నేను లెక్కపెడితే 19 వచ్చాయి, చిన్నాన్న లెక్కపెడితే 18. కళ్లజోడు తెప్పించుకుని మళ్లీ లెక్కపెట్టి, “పందొమ్మిదే ల్యే” అని ఒప్పుకున్నారు. ఆ తర్వాత టెన్షనర్‌ను 6 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిప్పి, దాని సూదిని గుర్తు దగ్గరికి తెచ్చి బిగించాము. పిన్నులు రెండూ తీసేసి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ వేసి చూశాము. రెండూ దిగాయి. సూది మాత్రం వెంట్రుకవాసి పక్కకు జరిగింది, మరోసారి సరిచేశాము. ఈ రెండు చుట్లు చేత్తో తిప్పడం మానేసి సెల్ఫ్ కొట్టేవారిని నేను చూశాను. ఎక్కడైనా పొరపాటు ఉంటే చేతికి అడ్డు తగిలి ఆగుతుంది, స్టార్టరు మోటారు అలా ఆగదు.

కూలెంటు కలపడానికి మా బోరు నీళ్లు పనికిరావు. అనంతపురం నీళ్లలో సున్నం లాంటి లవణాలు ఎంతో ఇంట్లో గిన్నెలకు అడుగున పట్టే తెల్లని పొరే చెబుతుంది. అది రేడియేటరు సన్ననాళాల్లో పడితే ఎండాకాలంలో బండి ఉడికిపోవడం ఖాయం. డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోశాము. పాత కూలెంటును డబ్బాలో పట్టి మూత బిగించాలి. అది తియ్యగా ఉంటుంది గనుక కుక్కలు నాకుతాయి, నాకితే బతకడం కష్టం.

మొత్తం ఖర్చు కిట్టు, పిన్నులు, బోల్టు, కూలెంటు, లేతు కూలి కలిపి 10,780 రూపాయలు. బిగింపు బలాన్ని కొలిచే టార్కు రెంచి లేకుండా ఈ పనికి దిగకూడదు కనుక దానికి మరో 2,600 అయింది. వర్క్‌షాపు వారు అడిగిన దానిలో పదివేలకు పైగా మిగిలింది గాని, రెండు ఆదివారాలు, ఒక వారం ఆటో ఛార్జీలు కూడా లెక్కలో వేసుకోవాలి. అనుభవమున్న మనిషి పక్కన లేనివారికి, టార్కు రెంచి, స్టాండ్లు లేనివారికి ఈ పని వద్దంటాను; వారు ఇదే కిట్టు కొని నమ్మకమైన మెకానిక్కుకు ఇచ్చి, కవరు మూసే ముందు దగ్గరుండి చూసుకుంటే సరిపోతుంది.

ఆ తర్వాత బండి 4,200 కిలోమీటర్లు తిరిగింది. బెంగళూరుకు నాలుగుసార్లు వెళ్లాము, ఏప్రిల్ ఎండలో ఏసీ వేసుకుని తాడిపత్రి మీదుగా కడపకు ఒకసారి పోయివచ్చాము. కూలెంటు మట్టం తగ్గలేదు, బెల్టు వైపు నుంచి కూతగాని, గీరుడుగాని లేదు. కిట్టుకు అయిదుకు అయిదు మార్కులు, పిన్నుల పెట్టెకు ఆ నున్నని కడ్డీ పుణ్యాన ఒకటి. కవరు మూసే ముందు దాని లోపలివైపు మార్కరుతో తేదీ, 96,412 కిలోమీటర్లు, ‘టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు’ అని మూడూ విడివిడిగా రాశాను. ఈ బండిని ఎప్పుడైనా అమ్మితే, కొనేవారికి బిల్లుతోపాటు ఒక స్క్రూడ్రైవరు కూడా ఇస్తాను.