కలల కోసం గ్వాతెమాల: ఎక్కడ ఉండాలి, ఎవరిని అడగాలి

మధ్య అమెరికాలోని గ్వాతెమాలలో మాయా అనే ఆదివాసులు ఉంటారు. వాళ్ల కలల విద్యతో మిమ్మల్ని మీరు తెలుసుకోండంటూ పిలిచే కేంద్రాలకు అక్కడి అతిత్లాన్ సరస్సు ఒడ్డున కొదవ లేదు. సాన్ మార్కోస్ అనే చిన్న ఊళ్లో అయితే సందుకొకటి. గ్వాతెమాలలోనే ఉన్న ఆంటిగ్వా అనే ఊరి నుంచి వ్యానులో సరస్సు ఒడ్డునున్న పనహచెల్ చేరి, అక్కడ పడవ ఎక్కాలి. మధ్యాహ్నం షొకొమిల్ అనే గాలి లేచిందంటే పడవ ఎగిరెగిరి పడుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు పొద్దున్నే దాటేయడం మేలు. పడవవాళ్లు ఊరివాళ్లకు ఒక ధర, మనకు ఇంకో ధర చెబుతారు. బేరమాడి లాభం లేదు.

మేము దిగిన కేంద్రం శుభ్రంగా ఉంది. వసారాలో కూర్చుంటే సరస్సుకు ఆవల అగ్నిపర్వతాలు కనిపిస్తాయి, శాకాహారులకు తిండికి ఇబ్బంది లేదు. చిక్కంతా పాఠంతోనే. నేర్పే ఆవిడ యూరప్ నుంచి వచ్చారు. కొంత టిబెట్, కొంత మెక్సికో, కొంత మనస్తత్వ శాస్త్రం కలిపి వడ్డించారు. లేవగానే కలను నోటుపుస్తకంలో రాసుకోవాలి, అది మన సొంతం, ఎవరికీ చెప్పనక్కర్లేదు. "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అన్నదే ఆవిడ ప్రశ్న. పక్కనే వంటగదిలో రొట్టెలు తడుతున్న మాయా ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. విశ్రాంతికైతే బంగారం లాంటి చోటు. మాయా కలల కోసమైతే ఆ డబ్బు దండగ.

చిచికాస్తెనాంగోకు గురువారం గానీ ఆదివారం గానీ వెళ్లండి, సంత ఉంటుంది. అక్కడి సాంతో తొమాస్ చర్చికి 18 మెట్లు, మాయా సంవత్సరంలోని 18 నెలలకు గుర్తంటారు. ఆ మెట్ల మీద కోపాల్ ధూపం ఆరదు. లోపల ఫొటోలు తీయకూడదు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్కో హిమెనెస్ అనే పాద్రి మాయాల్లో కిచే అనే తెగవాళ్ల సృష్టిగాథ 'పొపొల్ వూహ్'ను నకలు రాసుకున్నది ఈ ఊళ్లోనే. ఆ ప్రతి ఇప్పుడు చికాగోలోని న్యూబెర్రీ గ్రంథాలయంలో ఉంది, అక్కడి మనవాళ్లకు అదే దగ్గర. ఈ ఊరికి ఒక పూట చాలు.

అసలు వెళ్లాల్సింది మొమోస్తెనాంగో. ఉన్ని కంబళ్లకు పేరున్న కొండ ఊరు, 2,000 మీటర్లకు పైనే ఉంటుంది. కెట్సాల్తెనాంగో అనే పట్టణం వైపు నుంచి, రంగులు పూసిన పాత అమెరికా స్కూలు బస్సుల్లో కిక్కిరిసి వెళ్లాలి. బస సాదాసీదా. వేడినీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కంబళి మాత్రం అడిగినన్ని ఇస్తారు.

ఇక్కడ రోజులు లెక్కపెట్టి కలలకు అర్థం చెప్పే పెద్దలను అహ్‌కిహ్ అంటారు. అందుకు వాళ్లు వాడేది 18 నెలల ఏడాది లెక్క కాదు, 260 రోజుల పంచాంగం: 20 రోజు పేర్లు, 13 అంకెలు జంటగా తిరుగుతాయి. ఎవరైనా ఈ పనిలోకి రావాలంటే ముందు జబ్బు చేయాలి, కలలు పిలవాలి. 1970లలో బార్బారా, డెనిస్ టెడ్లాక్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్తల దంపతులు ఇక్కడే శిక్షణ పొంది దీక్ష తీసుకున్నారు. మంచిదైనా చెడ్డదైనా కలను దాచుకోకూడదని, వెంటనే ఎవరికైనా చెప్పాలని కిచేల పద్ధతి.

స్పానిష్ నుంచి కిచేలోకి చెప్పే మనిషిని వెంటబెట్టుకుని ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాం. మా ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు. చనిపోయిన మా అమ్మమ్మ కలలో కనిపించి కోప్పడిందని చెప్పాను. పెద్దాయన గుడ్డసంచీ విప్పి ఎర్రగింజలు, స్ఫటికం ముక్కలు బల్ల మీద పోశారు. గుప్పెడు తీసి నాలుగేసి చొప్పున కుప్పలు పెట్టి, వాటి మీదుగా రోజుల పేర్లు లెక్కపెట్టుకుంటూ పోయారు. మధ్యలో ఆగి మోకాలి పక్కన చేయి వేసుకున్నారు. ఒంట్లో రక్తం అదిరితే అదీ జవాబేనట. నాకేమనిపించిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినవి మూడే: ఆ కల ఏ రోజు వచ్చింది, ఎవరికి చెప్పావు, ఆమెకు దీపం పెట్టి ఎన్నాళ్లయింది? మూడోదానికి జవాబు చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

నన్ను నేను తెలుసుకోవడమన్నది ఆయన లెక్కలోనే లేదు. అమ్మమ్మకు నేనేం బాకీ ఉన్నానన్నదే లెక్క. సరస్సు ఒడ్డున అంత ఖర్చు పెట్టి రాయించుకున్న నోటుపుస్తకం కంటే ఇది నాకు ఎక్కువ పనికొచ్చింది.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. రుసుము ముందే మాట్లాడుకోండి, కొవ్వొత్తులు, ధూపం ఖర్చు వేరు. కొత్తవాళ్లకు దీక్ష ఇచ్చే వాహ్‌షాకిబ్ బాట్స్ పండుగ 260 రోజులకోసారి వస్తుంది కనుక ఏటా తేదీ మారుతుంది. ఆ సమయంలో గది కావాలంటే చాలా ముందుగా అడగాలి, క్రతువులు జరిగే చోట కెమెరా సంచీలోనే ఉంచాలి.