అయోనియన్ దీవుల్లో అద్దె యాట్: కొన్ని సీజన్లు వాడాక సమీక్ష

గ్రీసు పడమటి తీరంలో లెఫ్కాదా దీవి నుంచి వారం రోజులకు యాట్ (తెరచాప పడవ) తీసుకుని మెగానిసి, కాలమోస్, కాస్తోస్, ఇథాకా, కెఫలోనియా చుట్టి రావడం గురించి ఇది. పడవలు 38 నుంచి 42 అడుగులవి, నడిపేవాళ్లం మేమే. గ్రీసులో అందుకు నడిపే మనిషికి లైసెన్సు కావాలి, పడవ పనులు తెలిసిన రెండో మనిషీ ఉండాలి. ఇన్ని సీజన్ల తర్వాత గట్టిగా చెప్పగలిగేది ఒకటే: ఈ ప్రయాణం సుఖం చాలావరకు లంగరు చేతిలో ఉంది.

నీళ్లు నిజంగానే నెమ్మది. చుట్టూ దీవులు అడ్డుండటంతో పెద్ద అలలు లోపలికి రావు. ఆటుపోట్లూ లెక్కలోకి రానంత తక్కువ. వేసవిలో మాయిస్త్రో అనే వాయవ్య గాలి మధ్యాహ్నం లేచి, సాయంత్రానికి బోఫోర్ట్ అనే గాలి కొలమానంలో 4–5కు పెరిగి, పొద్దు గూకాక పడిపోతుంది. చిక్కు ఇక్కడే ఉంది. తెరచాప ఎత్తే గాలి వచ్చే వేళకే ఫిస్కార్దో, కియోని లాంటి చిన్న రేవుల్లో గట్టు పడవలతో నిండిపోతుంది. అందుకని ఆ ఊళ్లకు వెళ్లే రోజు పొద్దున్నే ఇంజిన్ మీద బయల్దేరి మధ్యాహ్నానికల్లా చేరిపోవాలి. గాలితో సాగాలనుకున్న రోజు వ్లిఖో లాంటి విశాలమైన అఖాతంలో రాత్రి మకాం పెట్టుకోవాలి. రోజుకు 10–15 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కి.మీ.) చాలు, 5 నాట్ల (గంటకు 5 నాటికల్ మైళ్ల) వేగంతో రెండు మూడు గంటల దారి.

వ్లిఖోలో అడుగున బురద, లంగరు గట్టిగా పట్టుకుంటుంది. అలాగని ఆదమరచి ఉండకూడదు. 2011 సెప్టెంబరులో హఠాత్తుగా వచ్చిన గాలివాన అక్కడే చాలా పడవల్ని దెబ్బతీసింది.

లంగరుకు ఎంత గొలుసు వదలాలో తేల్చడానికి లోతు లెక్కించేటప్పుడు నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు కూడా కలపాలి. 6 మీటర్ల లోతు, 1 మీటరు ఎత్తు అయితే 7. దానికి ఐదింతలు, అంటే 35 మీటర్ల గొలుసు. గాలి ఉంటే ఏడింతలు. నీటిగడ్డి మీద లంగరు కొంకి దిగదు, పైపైన జారిపోతుంది. అడుగున లేతరంగు ఇసుక కనిపించే చోటే వదలాలి. తర్వాత ఇంజిన్ రివర్సులో పెట్టి, గట్టున ఏవైనా రెండు గుర్తులు ఒక వరసలో చూసుకోవాలి. ఆ వరస చెదరకపోతే లంగరు పట్టినట్టే.

గట్టుకు వెనక భాగం ఆనించి కట్టేటప్పుడు మూడు నాలుగు పడవల పొడవు దూరం నుంచే లంగరు వదలాలి. గాలి వచ్చే వైపు తాడు ముందు కట్టాలి, లేకపోతే పడవ పక్కవాళ్ల మీదకు వాలుతుంది. రివర్సు వేసే ముందు, వెనక లాక్కొచ్చే చిన్న పడవ తాడు పొట్టిగా లాగి కట్టండి. అది వదులుగా తేలుతూ ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగాల్సిందే.

పొద్దున మీ లంగరుతో పాటు పక్కవాళ్ల గొలుసు పైకొచ్చినా కంగారు వద్దు. దాని కింద నుంచి ఒక తాడు దూర్చి పడవకు కట్టి, మీ గొలుసు కాస్త వదిలితే లంగరు విడిపోతుంది. అప్పుడు తాడు ఒక కొస వదిలేయండి. విండ్‌లాస్‌తో (లంగరు గొలుసును చుట్టే కరెంటు యంత్రంతో) పడవను ముందుకు లాగించకూడదు. ఇంజిన్‌తో ముందుకు జరుగుతూ వదులైన గొలుసు మాత్రమే ఎత్తాలి, లేకపోతే బ్రేకర్ పడిపోతుంది. ఆ బ్రేకర్ ఎక్కడుందో పడవ మీకు అప్పగించే రోజే అడిగి చూసుకోండి.

ఆ అప్పగింతకు రెండు గంటలు కేటాయించండి. గొలుసు ఎన్ని మీటర్లో, దాని మీద పొడవు తెలిపే గుర్తులు చెరిగిపోయాయా, దాని చివరి కొస పడవకు కట్టి ఉందా చూడాలి. ఇంజిన్ వేయగానే ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు చిమ్ముతున్నాయా, లైఫ్ జాకెట్లు అందరికీ సరిపోతాయా, పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు తిరుగుతోందా పరీక్షించాలి. పాత గీతలన్నిటికీ ఫోటోలు తీయండి. డిపాజిట్ గొడవలు ఎక్కువగా వచ్చేది వాటి దగ్గరే.

తాగునీరు విడిగా కొనుక్కుంటే, స్నానాలకూ గిన్నెలకూ మనిషికి రోజుకు 10 లీటర్లతో సరిపెట్టుకోవచ్చు. ఫ్రిజ్ బ్యాటరీని తొందరగా తినేస్తుంది. రెండు గంటలైనా ఇంజిన్ నడవని రోజుల్లో రాత్రికి దాన్ని ఆపేయడం మంచిది. టాయిలెట్‌లో కాగితం వేయకూడదు, సన్నటి గొట్టం మూసుకుపోతుంది.

పడవ లెఫ్కాదాకు ఉత్తరాన ఉన్న ప్రెవెజాలో తీసుకుంటే లెఫ్కాదా కాలువ వంతెన తెరిచే వేళలు ముందే కనుక్కోండి. లెఫ్కాదా మెరీనా వంతెనకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడి నుంచి దీవుల వైపు వెళ్లేవాళ్లకు ఆ నిరీక్షణ ఉండదు.