రిచ్‌మండ్‌లో రెండు రాత్రులు: మ్యాగీ వాకర్ ఇల్లు, మా హోటల్ బిల్లు

ముందే చెప్పేస్తున్నాను. అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఐదు నెలల్లో చాలా ఊళ్లు తిరిగాం. వాషింగ్టన్ చూశాం, సముద్రం చూశాం, అన్నీ బాగున్నాయి. వాటి గురించి రాయడానికి నా దగ్గర ప్రత్యేకంగా ఏమీ లేదు. ఇది రాస్తున్నది వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ గురించి. అక్కడ ఒక ఇల్లు నన్ను ఎంత సంతోషపెట్టిందో, ఒక హోటల్ అంత బాధపెట్టింది. రెండూ డబ్బు లెక్కల విషయాలే.

నేను నెల్లూరు జిల్లాలో గ్రామీణ బ్యాంకులో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 1992లో దూబగుంట ఆడవాళ్ల సారా ఉద్యమం, ఆ వెనకే రోజుకో రూపాయి పొదుపు సంఘాలు, అన్నీ నా కళ్లముందు జరిగాయి. అందుకే అమ్మాయి "అమ్మా, ఇక్కడికి మూడు గంటల దూరంలో వందేళ్ల కిందట పైసా పైసా కూడబెట్టి బ్యాంకు పెట్టిన ఒక నల్లజాతి మహిళ ఇల్లుంది, వస్తావా" అని అడగగానే బట్టలు సర్దుకున్నాను. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. పైగా ఆయన హెడ్మాస్టరుగా చేసిన మనిషి, వీకెండ్ అంటే ఇంట్లో పుస్తకం చదువుకోవడమే ఇష్టం. అయిష్టంగానే కారెక్కారు. మనవడికి శుక్రవారం బడి సెలవు. అల్లుడికి ఆఫీసు పని ఉండి రాలేదు.

అమ్మాయి వాళ్లుండే, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీ నుంచి బయల్దేరి దారిలో డర్హమ్‌లో రెండు గంటలు ఆగాం. నల్లవాళ్ల బ్యాంకులు, వ్యాపారాలు ఉండేవి కాబట్టి అక్కడి పారిష్ స్ట్రీట్‌ను ఒకప్పుడు బ్లాక్ వాల్‌స్ట్రీట్ అనేవారు. బానిసగా పుట్టి మంగలి షాపులు నడిపి పైకొచ్చిన జాన్ మెరిక్, డాక్టర్ ఆరన్ మూర్, సి.సి. స్పాల్డింగ్ ఈ ఊళ్లో నార్త్ కరోలినా మ్యూచువల్ అనే జీవిత బీమా కంపెనీని నిలబెట్టారు. కంపెనీ మొదలైంది 1898లో. తెల్లవాళ్ల కంపెనీలు చాలావరకు నల్లవాళ్లకు బీమా ఇచ్చేవి కావు, ఇచ్చినా తక్కువ సొమ్ముకే ఇచ్చేవి. మనిషి చనిపోతే పూడ్చడానికి చందాలు ఎత్తుకోవాల్సిన పరిస్థితి నుంచి పుట్టిన వ్యాపారం అది. ఆ వీధిలోనే మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు 1921 నాటి భవనం ఉంది. బయట నుంచే చూశాం. పార్కింగుకు 3 డాలర్లు. గంట చాలు ఆ వీధికి, కానీ తప్పకుండా ఆగండి. వీళ్ల ఇళ్లుండే హేటి పేట మాత్రం ఇప్పుడు చాలావరకు లేదు. 1960ల్లో ఊరి బాగు అని పేరు పెట్టి పడగొట్టి, ఫ్రీవే వేశారు.

నాలుగింటికి రిచ్‌మండ్ చేరాం. ఇక హోటల్.

పేరు రాయను. డౌన్‌టౌన్‌లో ఉంటుంది, లాబీ చాలా బాగుంటుంది. అమ్మాయి ఆన్‌లైన్‌లో రాత్రికి 129 డాలర్ల చొప్పున రెండు రాత్రులు బుక్ చేసింది. కౌంటర్ దగ్గరికి వెళ్లగానే కార్డు మీద 100 డాలర్లు బ్లాక్ చేస్తున్నాం అన్నాడు. సరే, చాలాచోట్ల చేస్తారు. తర్వాత, కారు మేమే పెడతాం, బయట పెట్టుకోవడానికి వీల్లేదు, రాత్రికి 35 అన్నాడు. ఆ తర్వాత సౌకర్యాల రుసుము రాత్రికి 15. ఏం సౌకర్యాలు బాబూ అని అడిగాను. వైఫై, జిమ్ము, గదిలో రెండు నీళ్ల బాటిళ్లు అన్నాడు. మా ఆయన మోకాళ్లతో జిమ్ముకు వెళ్తారా? వద్దంటే తీసేస్తారా అని అడిగితే తీయరట. ఇవన్నీ బుక్ చేసేటప్పుడు ఎందుకు చెప్పలేదంటే "పేజీ అడుగున రాసి ఉంది మేడమ్" అని, మా వెనక నిలబడ్డవాళ్ల వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక మీరు జరగండి అన్నట్టు.

గది ఐస్ మెషిన్ పక్కన. రాత్రంతా గడగడమని చప్పుడు. హీటర్ పనిచేయలేదు. రెండుసార్లు ఫోన్ చేశాక పదకొండున్నరకు ఒకామె రెండు దుప్పట్లు తెచ్చిచ్చింది. ఆ హోటల్లో మాకు మర్యాదగా సమాధానం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. గది మార్చమంటే హోటల్ నిండిపోయిందన్నారు. ఆదివారం పొద్దున బిల్లు చేతికొచ్చింది: గది 258, పార్కింగు 70, రుసుము 30, పన్నులు 33.40, మొత్తం 391.40 డాలర్లు. బ్లాక్ చేసిన వంద తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మా ఆయన శుక్రవారం రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. బ్రేక్‌ఫాస్టు మనిషికి 18 డాలర్లని చూసి, సంచిలోంచి అమ్మాయి పెట్టిన చేగోడీలు తీసుకుని తిన్నారు.

మీరు వెళ్తే ఊరికి కాస్త బయట, పార్కింగు ఉచితమని ముందే స్పష్టంగా రాసిన చోట దిగండి. చివరి మొత్తం కనిపించేదాకా కార్డు నంబరు ఇవ్వకండి. నేను ఇంత రాయడానికి కారణం ఉంది. నా ఉద్యోగంలో వేలిముద్ర వేసే ప్రతి మనిషికీ ముందు వడ్డీ ఎంత, చార్జీ ఎంత అని చదివి వినిపించాకే కాగితం ముందుకు జరిపేదాన్ని. చిన్న డబ్బు తెచ్చేవాళ్లు లెక్క ఒక్కసారి తేడా వస్తే మళ్లీ గడప తొక్కరు. మర్నాడు చూసిన ఇల్లు అచ్చంగా ఈ విషయం మీదే నిలబడి ఉంది.

మ్యాగీ లీనా వాకర్ 1864లో ఇక్కడే పుట్టారు. తల్లి బట్టలు ఉతికి బతికిన మనిషి. ఉతికిన బట్టలను ఇళ్లకు చేరవేసే పని ఈ పిల్లది. తర్వాత రోజుల్లో ఆమే చెప్పుకున్నారు, నేను నోట్లో వెండి చెంచాతో పుట్టలేదు, నెత్తిన బట్టల బుట్టతో పుట్టాను అని. చదువుకుని టీచరయ్యారు. సెయింట్ లూక్ సంఘం అని, రోగమొచ్చినా చావొచ్చినా ఒకరికొకరు సాయం చేసుకునే సంఘం ఒకటుండేది. 1899లో దాని పగ్గాలు ఆమె చేతికొచ్చేసరికి పెట్టెలో ఉన్నవి 31 డాలర్ల 61 సెంట్లు, సభ్యులు 1,080 మంది. ఇది విన్నప్పుడు నాకు మా మండలంలో మూతపడబోయిన సంఘాల తీర్మానాల పుస్తకాలు గుర్తొచ్చాయి. 1920ల నడిమికి ఆ సంఘంలో లక్ష మంది సభ్యులు.

నికెల్స్ (ఐదు సెంట్ల నాణేలు) తీసుకుని వాటిని డాలర్లు చేసే బ్యాంకు మనకు కావాలి అని 1901లో సంఘం సభలో చెప్పి, 1903 నవంబరులో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచారు. అమెరికాలో బ్యాంకు స్థాపించి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి మహిళ ఆమె. మొదటి రోజు దాదాపు 280 మంది వచ్చి 8 వేల డాలర్లకు పైగా వేశారు. వంద డాలర్లు పైన వేసినవాళ్లున్నారు. 31 సెంట్లతో ఖాతా తెరిచినవాళ్లూ ఒకరున్నారు. మాకు ఇల్లు చూపించిన రేంజర్ (పార్కు ఉద్యోగి) ఈ మాట చెప్పినప్పుడు నేను ఆగి మళ్లీ అడిగాను. అవును, 31 సెంట్లే. ఆ 31 సెంట్లనూ పుస్తకంలో రాసుకున్నారు కాబట్టే ఇవాళ మనకు తెలుస్తోంది.

ఇల్లు ఈస్ట్ లీ స్ట్రీట్‌లో ఉంది. నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది, టికెట్ లేదు. సెకండ్ స్ట్రీట్ మూల మీద విజిటర్ సెంటర్‌లో ముందు ఒక చిన్న సినిమా చూపించి, తర్వాత రేంజర్ ఇంట్లోకి తీసుకెళ్తారు. ఆదివారం ఉండదు. ఇంటి లోపలి టూర్ అన్ని రోజులూ ఉంటుందని కూడా అనుకోకండి, ముందు ఫోన్ చేసి వెళ్లండి. 1904లో కొన్న ఇల్లు పెరిగి పెరిగి 28 గదులైంది. కొడుకులు, కోడళ్లు, మనవలు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. మన ఉమ్మడి కుటుంబం లాగానే. సామాన్లు చాలావరకు ఆ కుటుంబం వాడినవే. చివరి ఏళ్లలో నడవలేక వీల్‌చెయిర్‌కు వచ్చాక ఇంట్లో లిఫ్టు పెట్టించుకున్నారు, అయినా పని మానలేదు. లిఫ్టు దగ్గర మా ఆయన చాలాసేపు నిలబడ్డారు. ఆ ట్రిప్పులో ఆయన నోరు విప్పి రేంజర్‌ను ప్రశ్నలు అడగడం అక్కడే మొదలు. పిల్లలకు చిన్న డబ్బాలు ఇచ్చి, పెన్నీలు (ఒక సెంటు నాణేలు) నిండాక ఖాతా తెరిపించేవారని విని, బళ్లో తను నడిపిన సంచయిక పొదుపు పథకం గురించి మనవడికి చెప్పడం మొదలుపెట్టారు. వాడు మధ్యలో ఆపకుండా విన్నాడు.

బ్యాంకు ఆ డబ్బును ఏం చేసింది అన్నది నాకు ముఖ్యం. ఇళ్లకు అప్పులిచ్చింది. 1920 నాటికి సుమారు 600 కుటుంబాలు సొంత ఇంటివాళ్లయ్యారు. అద్దె ఇంట్లో ఉండి చాకిరీ చేసే మనిషికీ, సొంత గడప ఉన్న మనిషికీ యజమాని ముందు నిలబడే తీరులో తేడా ఉంటుంది. ఆడపిల్లలకు ఇంటిపని, చాకలిపని, పొగాకు ఫ్యాక్టరీలో ఈనెలు తీసే పని తప్ప వేరే దారి పెద్దగా లేని ఊళ్లో, వాళ్లను గుమాస్తాలుగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. అన్నీ గెలవలేదు. 1905లో తెరిచిన ఎంపోరియం అనే పెద్ద బట్టల కొట్టును తెల్ల వ్యాపారులు సంఘం కట్టి, సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్లను బెదిరించి దెబ్బకొట్టారు. కొన్నేళ్లకే మూసేయాల్సి వచ్చింది. మన డబ్బు మన కొట్టులోనే ఖర్చుపెట్టండి అని ఆమె ఎంత చెప్పినా, చౌకగా దొరికే చోటికి జనం పోయారు. ఈ ఓటమిని రేంజర్ దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. బ్యాంకు మాత్రం 1930లో ఇతర నల్లజాతి బ్యాంకులతో కలిసి కన్సాలిడేటెడ్ అనే కొత్త పేరు పెట్టుకుని, ఆ మహా మాంద్యాన్ని దాటి, 2005 దాకా నల్లజాతి వాళ్ల చేతుల్లోనే నడిచింది.

తర్వాత అమ్మాయి మమ్మల్ని ఉత్తరం వైపు నాలుగడుగులు నడిపించింది. పేట ఒక్కసారిగా తెగిపోయి కింద హైవే హోరు. జాక్సన్ వార్డ్ అనే ఈ పేటను నిలువునా చీల్చి 1950ల్లో రిచ్‌మండ్–పీటర్స్‌బర్గ్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు వేశారు. 1958లో తెరిచారు. ఇప్పుడదే ఐ-95 హైవే. ముందురోజు పాటలు వింటూ మేం ఊళ్లోకి వచ్చిన రోడ్డే అది. పెన్నీలు పోగేసి అప్పు తీర్చుకున్న ఇళ్లు ఎన్ని ఆ రోడ్డు కింద పోయాయో అని అక్కడ నిలబడి అనుకున్నాం. ముందురోజు డర్హమ్ గురించి విన్నదీ ఇదే. కూడబెట్టడం చేతకాక పోగొట్టుకున్నారని ఎవరైనా అంటే, ఈ రెండు ఊళ్లు చూసి రమ్మని చెప్తాను.

భోజనం మాత్రం పక్కనే ఫస్ట్ స్ట్రీట్‌లో మామా జేస్‌లో చేయండి. నల్లజాతి కుటుంబం నడిపే హోటల్. నలభై నిమిషాలు ఆగాల్సి వచ్చింది, మా ఆయన గొణుగుతూనే ఉన్నారు. క్యాట్‌ఫిష్ వేపుడు ప్లేటు వచ్చాక గొణుగుడు ఆగిపోయింది. మన జెల్ల చేప జాతే, పైన మొక్కజొన్న పిండి పట్టించి కరకరలాడేలా వేయించారు. లోపల ముక్క మెత్తగా, ఎముక లేకుండా ఉంది. నెల్లూరు మనిషిని చేపతో మెప్పించడం తేలిక కాదు, ఆయన రెండో ప్లేటు చెప్పారు. పక్కన తియ్యటి చిలగడదుంపలు, మొక్కజొన్న రొట్టె, బాగా ఉడికిన కాలర్డ్ ఆకుకూర. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోండి, ఇలాంటి చోట్ల ఆకుకూరలో కూడా మాంసం వేసి ఉడికించడం మామూలే, అడిగి తినండి. మనవడికి కేకు ముక్క. మొత్తం 83 డాలర్లు, టిప్పుతో వంద. బిల్లులో రాసినదంతా మేం తిన్నదే. సంతోషంగా ఇచ్చాం.

సాయంత్రం బ్రాడ్ స్ట్రీట్ మూల మీద 2017లో పెట్టిన మ్యాగీ వాకర్ కంచు విగ్రహం చూశాం. పదడుగుల ఎత్తు, చుట్టూ ఆమె జీవితం చెక్కిన బెంచీలు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కూర్చోవడానికి బాగుంటుంది.

ఆదివారం తిరుగు దారిలో కోవూరు దగ్గరి మా పాత సంఘం లీడర్‌కు వీడియో కాల్ చేశాను. ఇరవై ఏళ్లు సంఘం పుస్తకాలు మోసిన మనిషి. ఇంటి ఫొటోలు చూపించి, 31 సెంట్ల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "మొదటి రోజు అందరూ వేస్తారు మేడమ్. ఆ 31 సెంట్లు వేసిన మనిషి రెండోవారం మళ్లీ వచ్చిందా?" అని అడిగింది.

రేంజర్‌ను అడగాల్సిన ప్రశ్న అది. అక్కడున్నప్పుడు నాకు తట్టలేదు.