నీటి లోతు మైనస్ ముప్పై సెంటీమీటర్లట!

ఐదుకి మూడు స్టార్లు. తక్కిన రెండూ ఎందుకు కోశానో చెప్తాను.

ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన వాణ్ణి, ఉండేది నెల్లూరులో. మా చెల్లెలి కూతురు కావలిలో సివిల్ బీటెక్ చదువుతోంది. హైడ్రాలిక్స్ లెక్కలకని ఈ సమీకరణాల సాఫ్ట్‌వేర్ నా చేత కొనిపించింది, ఏడాదికి 1,499 రూపాయలు. పేరు రాసి వాళ్ళ పొట్ట కొట్టడం ఎందుకు? ఈ రోగం వాళ్ళ ఒక్కరిదే కాదు.

కొన్న రోజే నాకు కంఠతా వచ్చిన లెక్క ఒకటి ఇచ్చాను. కాలువలో మీటరు వెడల్పుకి 2 క్యూమెక్కుల (సెకనుకి 2 ఘనపు మీటర్ల) నీళ్ళు, స్పెసిఫిక్ ఎనర్జీ, అంటే కాలువ అడుగు నుంచి లెక్కేసే నీటి శక్తి, 2 మీటర్లు. తెలియనివి రెండు: లోతు, వేగం. సమీకరణాలూ రెండే. లోతుని వేగంతో గుణిస్తే 2 రావాలి. వేగం వర్గాన్ని 19.62తో (గురుత్వ త్వరణానికి రెట్టింపు) భాగించి లోతుకి కలిపినా 2 రావాలి. ఎక్కడి నుంచి వెతకాలో చెప్పే 'మొదటి ఊహ' గళ్ళు ఖాళీగా వదిలేసి మీట నొక్కాను.

లోతు మైనస్ 0.298 మీటర్లు, వేగం మైనస్ 6.71. పక్కన పచ్చ టిక్కు!

సర్వేపల్లి కాలువ మీద నా దగ్గర ఒక లస్కరు (కాలువ కాపలా చూసే పనివాడు) ఉండేవాడు. అతనికి ఇది చూపించుంటే, "ఏంది సామీ, నీళ్ళు కాలవ అడుగు కింద పారతా ఉండాయా, అదీ ఎనక్కి?" అనేవాడు.

దీనికి మాత్రం స్టార్ కోయలేదు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్సే, వర్గం చేస్తే మైనస్ ఎలాగూ పోతుంది. రెండు సమీకరణాలూ సరిపోయాయి. లోతు సున్నాకి పైన ఉండాలని దానికి చెప్పనిది మనమే. కనిష్ఠ హద్దు అని ఒక గడి ఉంది, అందులో సున్నా పెట్టగానే ఈ జవాబు మాయమైంది. అప్పుడు ఊహగా లోతు 1.5 ఇస్తే 1.946 మీటర్లు వచ్చింది, వేగం 1.03. ఊహ 0.3 ఇస్తే 0.352 మీటర్లు, వేగం 5.69. ఈ రెండూ నిజమైన జవాబులే. కాలువ షట్టరు కొంచెం ఎత్తినప్పుడు చూడండి, పైవైపు నీళ్ళు నిండుగా, నిదానంగా ఉంటాయి, కిందవైపు పలచగా ఉరుకుతాయి. మనకి ఏ వైపు లోతు కావాలో మనమే చెప్పాలి.

మొదటి స్టార్ పోయింది ఎనర్జీ 1.1 మీటర్లు పెట్టినప్పుడు. 2 క్యూమెక్కులకి క్రిటికల్ లోతు, అంటే అతి తక్కువ ఎనర్జీతో పారే లోతు, 0.7415 మీటర్లు. అప్పటి ఎనర్జీ దానికి ఒకటిన్నర రెట్లు, 1.112. అంతకంటే తక్కువ ఎనర్జీతో ఆ నీళ్ళు పారవు. అంటే సున్నాకి పైన జవాబే లేదు. ఇదేమో లోతు 0.7405, వేగం 2.695 అని, మళ్ళీ అదే పచ్చ టిక్కుతో చూపించింది. అంకెలు చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో! మైనస్ వస్తే చిన్నపిల్లాడైనా అనుమానిస్తాడు, ఇలాంటిదాన్ని ఎవడు పట్టుకుంటాడు? నేను పట్టుకున్నానంటే జవాబుని మళ్ళీ సమీకరణాల్లో వేసి కాగితం మీద సరిచూసే పాత అలవాటు వల్లే. ఎనర్జీ 1.1 కాదు, 1.1107 వచ్చింది. ప్రవాహం 2 కాదు, 1.996.

కారణం సెట్టింగుల్లో నాలుగో పేజీలో దొరికింది. రెండు సమీకరణాల్లో తేడాలనీ వర్గం చేసి కూడి, ఆ మొత్తం ఎక్కడ అతి తక్కువో వెతుకుతుందది. మొత్తం 0.001 కంటే తగ్గితే చాలు, సమాధానం దొరికిందంటుంది. ఇక్కడ అతి తక్కువ 0.00013, సున్నా మాత్రం కాదు. ఆ 0.001ని 0.0000000001 చేస్తే బుద్ధిగా "సమాధానం దొరకలేదు" అంది. అదేదో ముందే అంత గట్టిగా పెట్టి అమ్మొచ్చుగా?

అయితే సున్నాలు పెంచితే అన్నీ చక్కబడతాయనీ అనుకోకండి. మా మేనకోడలు తుంటరిగా 'ఈ' (2.718 అనే అంకె) కి మైనస్ ఎక్స్ ఘాతం సున్నాకి సమానమని ఇచ్చింది. అది ఎప్పటికీ సున్నా కాదు కదా. పాత సెట్టింగులో ఎక్స్ 4 అంది, సున్నాలు పెంచాక 12 అంది. రెండుసార్లూ పచ్చ టిక్కే. "మామా, సున్నాలు పెంచినకొద్దీ జవాబు పరిగెడతా ఉందంటే అది దొంగ జవాబే" అంది పిల్ల. నా సర్వీసులో ఏ జూనియరూ అంత చురుగ్గా చెప్పలేదు.

రెండో స్టార్ కస్టమర్ కేర్ ఖాతాలోది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి ఒకబ్బాయి, "గ్రీన్ టిక్ వచ్చిందంటే కరెక్టే సార్" అన్నాడు.

మంచి కూడా చెప్పాలి. నెట్ లేకపోయినా నడుస్తుంది, నా పాత లాప్‌టాప్‌లోనూ నత్తనడక లేదు. గ్రాఫు గీయమంటే రెండు వక్రరేఖలూ గీసి ఎక్కడ కలుస్తున్నాయో చూపిస్తుంది. 1.1 లెక్కలో సున్నాకి పైన అవి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి, కలవకుండా ఉండడం పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. ముందు గ్రాఫు, తర్వాతే మీట.

పదిహేను రోజులు ఉచితంగా వాడుకోనిస్తారు. డబ్బు కట్టేలోపు ఆ 1.1 పెట్టి చూసుకోండి. మా పిల్ల మాత్రం వచ్చే ఏడాదికీ కట్టమంటోంది, గ్రాఫుల రంగులు బాగున్నాయట.