మెరవని బంగారం: 'ద ట్రెజర్ ఆఫ్ ద సియెర్రా మాద్రే' బ్లూ-రే సమీక్ష

బంగారం వేట మీద సినిమా అనగానే మనవాళ్లకు కోలార్ గుర్తొస్తుంది. కోలార్‌లో బంగారం రాతి లోపల ఉండేది. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగి, రాయిని పిండిచేసి, సైనైడ్‌తో తీయాల్సి వచ్చేది. ఒక కంపెనీ, వేలమంది కూలీలు ఉంటే తప్ప జరిగే పని కాదు. 1948లో విడుదలైన ఈ వార్నర్ బ్రదర్స్ చిత్రంలోది వేరే రకం వేట. మెక్సికో కొండల్లో ముగ్గురు మనుషులు, కొన్ని గాడిదలు, పారలు, కాసిని నీళ్లు. మట్టిలో కలిసిన పుప్పొడిలాంటి బంగారాన్ని కడిగి తీసుకోవడమే పని. 2010లో వచ్చిన బ్లూ-రే డిస్క్‌లో ఆ సినిమాతోపాటు దాన్ని ఎలా తీశారో చెప్పే సరుకు కూడా దండిగా ఉంది. డబ్బు పెట్టాల్సింది ముఖ్యంగా దాని కోసమే.

ముందు బంగారం సంగతి. మట్టి కడగడం అంటే మన వంటింట్లో బియ్యం గాలించడమే. నీళ్లతోపాటు బియ్యం పై గిన్నెలోకి జారుతుంది, రాయి అడుగున ఆగుతుంది. ఇసుక బరువు నీటికి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ, బంగారం బరువు 19 రెట్లు. అందుకే పళ్లెం తిప్పుతుంటే ఇసుక పోయి బంగారం మిగులుతుంది. పెద్ద ఎత్తున చేయాలంటే అడ్డపట్టీలు కొట్టిన వాలు తొట్టి కావాలి. వాలు అడుక్కి అంగుళం చొప్పున ఉంటే సరిపోతుంది. మరీ ఎక్కువైతే సన్న బంగారం నీళ్లతో కొట్టుకుపోతుంది, తక్కువైతే పట్టీల సందుల్లో ఇసుక గట్టిపడి బంగారానికి చోటుండదు. బంకమన్ను ఉండల్ని చిదపకుండా తొట్టిలో వేస్తే అవి దొర్లుతూ దొరికిన బంగారాన్ని కూడా అంటించుకుని పోతాయి. సినిమా ఇదంతా పాఠంలా చెప్పదు, కొద్ది షాట్లలో చూపించి ముందుకు వెళ్తుంది. ఇక్కడ మాత్రం ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండేది.

దర్శకుడు జాన్ హ్యూస్టన్ నిజంగా పట్టుకున్నది ఇంకొకటి: అసలు బంగారం మెరవదు. మెరిసే రాయి చూసి డాబ్స్ (హంఫ్రీ బోగార్ట్), కర్టిన్ (టిమ్ హోల్ట్) ఎగిరి గంతేస్తే, ముసలి హోవర్డ్ (వాల్టర్ హ్యూస్టన్) అది పైరైట్ అని, కాకిబంగారమని తేల్చేస్తాడు. కత్తిమొనతో నొక్కితే పైరైట్ పొడి అవుతుంది, బంగారం అణుగుతుంది. అసలు సరుకు వాళ్ల కాళ్ల కిందే ఉందని చెబుతూ ముసలాయన గెంతులేసే సన్నివేశంలో మనకు తెరమీద కనిపించేది ఉత్త మట్టి. చివర్లో బందిపోట్లు బంగారం నింపిన సంచుల్ని కోసి పారబోసేది కూడా అందుకే: గాడిదలమీద వాటితోపాటు ఉన్న తోళ్ల బరువు పెంచడానికి ఇసుక కలిపారనుకుంటారు. ఈ కథకు నలుపు తెలుపే సరైన రంగు. టెడ్ మెక్‌కార్డ్ కెమెరాలో ఇసుకకీ బంగారానికీ తేడా లేదు. పచ్చగా ధగధగలాడించి ఉంటే కథ నడుమే విరిగేది.

పని తెలిసినవాళ్లకు ఇక్కడ రెండు అభ్యంతరాలు తోస్తాయి. కథాకాలం 1920లు, అప్పటి ధర ఔన్సుకు 20.67 డాలర్లు. ఆ లెక్కన పదివేల డాలర్ల బంగారం 15 కిలోలు. పొడిగా పోసినా పెద్ద చెంబులో పట్టేస్తుంది. అంత చిన్న సంచి ఎత్తిన చేతికి అది ఇసుక కాదని తెలియకపోదు. రెండోది, ముగింపులో ఆ పారబోసిన బంగారమంతా గాలికి ఎగిరిపోవడం. పొట్టులాంటి సన్నరేకులు ఎగురుతాయి, నిజమే. గింజకట్టిన బంగారం మాత్రం అక్కడే దిగబడుతుంది, మళ్లీ పళ్లెం పట్టుకెళ్తే కొంతైనా దొరుకుతుంది. అయినా ఆ ముగింపు చూస్తున్నంతసేపూ ఈ లెక్కలు అడ్డురావు. అది వాల్టర్ హ్యూస్టన్ నవ్వు మహిమ.

ఇక తయారీ విశేషాలు. సుమారు 50 నిమిషాల 'డిస్కవరింగ్ ట్రెజర్' డాక్యుమెంటరీ డిస్క్‌కు ప్రాణం. స్టూడియో దాటని రోజుల్లో, 1947లో, యూనిట్‌ను మెక్సికోకు తీసుకెళ్లడమే సాహసం. టాంపికోలో ఒక స్థానిక పత్రిక ఈ చిత్రం మెక్సికోను కించపరుస్తోందని రాస్తే షూటింగ్ ఆగిపోయింది, చిత్రకారులు డియెగో రివేరా, మిగ్వెల్ కొవర్రూబియాస్ కల్పించుకుంటేగానీ కదల్లేదు. మూలనవల రాసిన బి. ట్రావెన్ ఎవరికీ కనిపించని మనిషి. ఆయన ప్రతినిధినంటూ హాల్ క్రోవ్స్ వచ్చి, వారానికి 150 డాలర్లకు సలహాదారుగా చేరాడు. ఆయనే ట్రావెన్ అన్న అనుమానం అప్పుడే పుట్టింది. దర్శకుడి తండ్రి వాల్టర్ కట్టుడుపళ్లు తీసేసి హోవర్డ్‌గా నటించాడు. తండ్రికి సహాయనటుడిగా, కొడుక్కి దర్శకత్వానికీ స్క్రీన్‌ప్లేకీ ఆస్కార్లు వచ్చాయి.

బోగార్ట్ జీవితచరిత్ర రాసిన ఎరిక్ లాక్స్ సినిమా వెంట చెప్పే వ్యాఖ్యానం నింపాదిగా సాగుతుంది, సమాచారం గట్టిది. జాన్ హ్యూస్టన్ మీద 1989 నాటి డాక్యుమెంటరీ రెండు గంటలకు పైనే ఉంటుంది, అది వేరే రోజుకు పెట్టుకోండి. కార్టూన్లు, న్యూస్‌రీలు, 1949 రేడియో నాటకం అదనం.

బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లే, అందుకే టీవీకి రెండుపక్కలా నల్లపట్టీలు వస్తాయి. అవి పోవాలని టీవీని జూమ్‌లో పెడితే తలలు తెగుతాయి, కొండల్లో మనుషులు ఎంత చిన్నగా ఉన్నారన్నదే పోతుంది. బ్రైట్‌నెస్ పెంచకండి. నెగడు చుట్టూ కూర్చునే రాత్రి సన్నివేశాల్ని స్టూడియోలో తీశారు. వెలుతురు పెంచితే ఆ సంగతి బయటపడుతుంది, మనుషుల మొహాల్లో ముసురుకునే అనుమానం పలచబడుతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్‌వి ఉన్నాయి. స్పానిష్ మాటల్ని చాలాచోట్ల అనువదించకుండానే వదిలేశారు, దాన్ని లోపం అనుకోకండి. మన దేశం బ్లూ-రే ప్రాంతం సీ కిందకు, అమెరికా ఏ కిందకు వస్తాయి, ఒక ప్రాంతం డిస్క్ మరో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకపోవచ్చు కాబట్టి బయటినుంచి తెప్పించుకునేవాళ్లు అట్ట వెనక గుర్తు చూసుకోవాలి.

సినిమా మొదటిసారి వ్యాఖ్యానం లేకుండా చూడండి. తర్వాత డాక్యుమెంటరీ. ఆ తర్వాత నీటిగుంట దగ్గర డాబ్స్ చనిపోయే చోటికి వెనక్కి రండి. తల తెగి నీళ్లలోకి దొర్లినట్టు తీసిన షాట్‌ను సెన్సారు ఒప్పుకోలేదు, తీసేశారు. నీటిమీద అలలు మాత్రం ఇంకా కదులుతూనే ఉంటాయి.