పాత రేసింగ్ సైకిళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో పీఎక్స్-10 కొనాలా, ఇటలీకి చెందిన కొల్నాగో సూపర్ కొనాలా?

ధర: ప్యూజో సాధారణంగా తక్కువకే వస్తుంది, 1972లో బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పింది కొల్నాగో సైకిల్‌పైనే కనుక ఆ పేరుకు కూడా మనం డబ్బు చెల్లిస్తాం.

శ్రమ: అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్యూజోవి ఫ్రెంచి కొలతలు. దాని హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే కడ్డీ) మామూలు 22.2 మిల్లీమీటర్లకు బదులు 22 మిల్లీమీటర్లు ఉండటం, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే భాగం) మరలు వేరు కావడం వల్ల ఒక్క భాగం పాడైనా సరిపోయేది చాలాకాలం వెతకవలసి వస్తుంది. దానికి అమర్చే సింప్లెక్స్ కంపెనీ గేర్ల ప్లాస్టిక్ కూడా పగులుతుంది. కొల్నాగోకు సాధారణంగా అమర్చే కాంపాగ్నోలో కంపెనీ భాగాలు ఇంతకంటే సులభంగా దొరుకుతాయి.

ప్రమాదం: కొల్నాగోలో నకిలీలు ఉంటాయి.

ఓపికతో మరమ్మతు చేసుకుంటూ, రెనాల్డ్స్ 531 అనే రకం ఉక్కు గొట్టాలతో చేసిన ఫ్రేమును దూరప్రయాణాల్లో తొక్కాలనుకుంటే ప్యూజోనే నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను. సేకరణలో ఇటలీ సైకిల్ ఒక్కటీ లేకపోతే మాత్రం కొల్నాగో తీసుకోవాలి.